మేకల దాణాకు ప్రత్యామ్నాయ మాంసకృత్తులు: ఖర్చు తగ్గినా హద్దు తప్పితే ముప్పు

ఆకులు, చెక్కలు, యూరియా, ఇథనాల్ పిప్పి: ఒక్కొక్కదానికి ఒక్కొక్క పరిమితి

ఇచ్ఛాపూర్ (సూరత్): మాంసం కోసం మేకలను పెంచే చిన్న రైతుకు దాణా ఖర్చు పెద్ద సమస్యగా పరిణమించింది. బీడు భూములు తగ్గి మేకలు పాకలకే పరిమితమవుతున్న కొద్దీ, ఒకప్పుడు పొదల్లో, చెట్ల కింద ఉచితంగా లభించిన మాంసకృత్తులను డబ్బు పెట్టి కొనవలసి వస్తోంది. నూనెగింజల చెక్కల కోసం కోళ్ల పరిశ్రమ, రొయ్యల చెరువులు, పాడి పరిశ్రమ ఒకే మార్కెట్‌లో పోటీ పడుతున్నాయి. ఆ పోటీలో పది మేకలున్న కుటుంబం నిలబడటం కష్టం. అందువల్లనే చెక్కకు బదులుగా ఏది వాడవచ్చునన్న ప్రశ్న ప్రాధాన్యం సంతరించుకుంది.

ప్రత్యామ్నాయాలకు కొరత లేదు. సుబాబుల్ ఆకు మొదలుకొని సర్కారు తుమ్మ కాయల వరకు, యూరియా మొదలుకొని ఇథనాల్ కర్మాగారాల పిప్పి వరకు జాబితా పొడవైనదే. అయితే వాటిలో దాదాపు ప్రతి ఒక్కదానిలోనూ ఒక విషమో, ఒక లోపమో, ఒక పరిమితో ఉన్నది. ఆ పరిమితి ఎంతో తెలిసినవారికి ఖర్చు తగ్గుతుంది. తెలియనివారు మేకనే పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

హజీరా దారిలో

ఈ పరిస్థితికి సూరత్ పరిసరాలు చక్కని ఉదాహరణ. మరమగ్గాలలో పనికోసం తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన కుటుంబాల మూలంగా సూరత్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలను కూడా నడుపుతోంది. ఆ నగరం నుంచి హజీరా వెళ్లే దారిలో ఇచ్ఛాపూర్ ఉంది. ఒకప్పటి పల్లె అయిన ఈ ఊరి పేరు నేడు రత్నాలు, ఆభరణాల పారిశ్రామికవాడ వల్ల ఎక్కువమందికి తెలుసు. దానికి ఆవల హజీరాలో ఎరువులు, ఉక్కు, సహజవాయువు, పెట్రోరసాయనాల భారీ కర్మాగారాలు వెలిశాయి. పరిశ్రమలు, నివాస కాలనీలు విస్తరించిన ప్రతిచోటా మొదట కనుమరుగయ్యేది పశువులు మేసే బయలేనన్నది దేశమంతటా ఎరిగిన విషయమే.

విశేషమేమంటే, మేకల దాణాకు పనికివచ్చే ముడిసరుకులు కూడా ఈ పరిసరాల్లోనే ఉన్నాయి. హజీరాలో క్రిభ్‌కో సంస్థకు చెందిన యూరియా కర్మాగారం ఉంది. బార్డోలీ, సాయణ్ తదితర చోట్ల సహకార చక్కెర కర్మాగారాలు ఉండటంతో మొలాసిస్‌కు లోటు లేదు. గుజరాత్ దేశంలో పత్తి అధికంగా పండించే రాష్ట్రాలలో ఒకటి కనుక పత్తిగింజల చెక్క లభిస్తుంది. పొరుగున ఉన్న భరూచ్ జిల్లాలో కంది పండుతుంది కాబట్టి పప్పు మిల్లుల నుంచి పొట్టు, నూక వస్తాయి. సముద్ర తీరానికి చేరువలోని ఓల్‌పాడ్, చోర్యాసీ తాలూకాలలో రొయ్యల చెరువులు ఉన్నందున అవే మాంసకృత్తుల కోసం పోటీ కూడా అక్కడే ఉంది.

ఈ ప్రాంతానికి సొంతమైన మేక జాతి పేరు సూర్తీ. సూరత్, వడోదర జిల్లాలు దీని స్వస్థలం. తెల్లని రంగు, మధ్యరకం శరీరం గల ఈ మేక ప్రధానంగా పాలకు పేరొందినది. పోతుపిల్లలు మాత్రం మాంసానికే పోతాయి. ఇతర జాతుల మాదిరిగా ఇది దూరం నడవజాలదు. కట్టివేసి మేపడానికి అనువైనదిగా దీనికి పేరు రావడానికి కారణం ఇదే. నడవలేని మేకకు మేత ఇంటికి రావాలి. ఆ మేతలో మాంసకృత్తులు ఎంత అన్నదే లాభనష్టాలను నిర్ణయిస్తుంది.

2019 పశుగణన ప్రకారం దేశంలో మేకల సంఖ్య 14.88 కోట్లు. 2012తో పోలిస్తే ఇది సుమారు 10 శాతం అధికం. మరోవైపు ఝాన్సీలోని భారతీయ పచ్చిక బయళ్లు, పశుగ్రాస పరిశోధన సంస్థ తన 2050 దార్శనిక పత్రంలో దేశంలో పచ్చిమేత 35.6 శాతం, ఎండుమేత 10.95 శాతం, దాణా దినుసులు 44 శాతం మేరకు కొరతగా ఉన్నట్లు అంచనా వేసింది. అంటే మందలు పెరుగుతుండగా, అన్నిటికన్నా ఎక్కువ లోటు దాణాలోనే ఉన్నదన్నమాట.

పొట్టలోని సూక్ష్మజీవులే ముఖ్యం

మేక నెమరువేసే జంతువు. అది తిన్న మేతను మొదట జీర్ణం చేసేది దాని పెద్ద పొట్టలోని కోట్లాది సూక్ష్మజీవులు. పీచును విరగ్గొట్టి శక్తినిచ్చేవి అవే. తరువాత అవే మేకకు మాంసకృత్తులుగా ఉపయోగపడతాయి. కాబట్టి నెమరువేసే పశువుకు మేపడమంటే, ముందుగా ఆ సూక్ష్మజీవులకు మేపడమే.

ఆ జీవులు వృద్ధి చెందాలంటే మేతలో కనీసం 7 శాతం మాంసకృత్తులు ఉండాలి. వేసవిలో ఎండిన గడ్డిలో, వరిగడ్డిలో ఇవి 3 నుంచి 5 శాతమే. అటువంటి మేత ఎంత వేసినా సూక్ష్మజీవుల పని మందగించి, మేక తినే పరిమాణం కూడా తగ్గుతుంది. కడుపు నిండినట్లు కనబడుతున్నా బరువు పెరగకపోవడానికి ఇదే కారణం. పెరిగే పిల్లలకు ఇచ్చే దాణాలో 14 నుంచి 16 శాతం మాంసకృత్తులు ఉండాలన్నది సాధారణంగా అనుసరించే ప్రమాణం.

ఇక్కడ కోడికీ మేకకూ ఉన్న భేదాన్ని గమనించాలి. కోడికి సోయా చెక్క వంటి నాణ్యమైన మాంసకృత్తులు తప్పనిసరి. మేకకు ఆ నిర్బంధం లేదు. మనిషికీ, కోడికీ పనికిరాని ఆకును, కాయను, పొట్టును మాంసంగా మార్చగల శక్తి దానికి ఉంది. ఖరీదైన సోయా కోసం మేకల పెంపకందారు కోళ్ల పరిశ్రమతో పోటీ పడవలసిన అవసరం అంతగా లేదని దీని అర్థం. 2021లో సోయా చెక్క ధర విపరీతంగా పెరిగినప్పుడు, కోళ్ల పరిశ్రమ కోరిక మేరకు జన్యుమార్పిడి సోయా చెక్కను 12 లక్షల టన్నుల వరకు దిగుమతి చేసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. అటువంటి ఒడిదుడుకులు ఆకుమేతపై ఆధారపడిన మందను పెద్దగా తాకవు.

చెక్కల్లో దాగిన చేటు

రైతుకు అలవాటైన మాంసకృత్తుల మేత చెక్కే. వేరుశనగ చెక్కలో 40 నుంచి 45 శాతం, పొట్టుతో ఆడిన పత్తిగింజల చెక్కలో 20 నుంచి 24 శాతం, కొబ్బరి చెక్కలో 20 నుంచి 22 శాతం మాంసకృత్తులు ఉంటాయి. ధరలను పోల్చేటప్పుడు బస్తా ధర కాక, అందులోని మాంసకృత్తుల ధర చూడాలి. ఉదాహరణకు కిలో 40 రూపాయలున్న చెక్కలో 40 శాతం మాంసకృత్తులు ఉంటే, కిలో మాంసకృత్తులకు పడే ఖర్చు 100 రూపాయలు. కిలో 30 రూపాయలకే దొరికే మరో చెక్కలో 20 శాతమే ఉంటే, ఆ ఖర్చు 150 రూపాయలవుతుంది. చౌకగా కనిపించినదే ఖరీదైనదన్నమాట.

చెక్కలకు తమ ప్రమాదాలు తమకున్నాయి. పత్తిగింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. ఎదిగిన మేక పెద్దపొట్టలో దీని ప్రభావం చాలావరకు అణగిపోతుంది. పెద్దపొట్ట పూర్తిగా రూపొందని చిన్నపిల్లలకు మాత్రం అది హానికరం. కాబట్టి పాలు మరవని పిల్లలకు పత్తిగింజల చెక్క తగదు.

వేరుశనగ చెక్క ముప్పు వేరు. తేమ తగిలిన చెక్కకు పట్టే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని ఉత్పత్తి చేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా సీమకోళ్లు అంతుపట్టని వ్యాధితో మరణించినప్పుడు, బ్రెజిల్ నుంచి తెప్పించిన వేరుశనగ చెక్క అందుకు కారణమని తేలింది. ప్రపంచానికి అఫ్లటాక్సిన్ సంగతి తెలిసింది ఆ ఘటనతోనే. సౌరాష్ట్రలోనైనా, అనంతపురంలోనైనా వేరుశనగ పండించే ప్రాంతాల రైతులు చెక్కను పొడిగా నిలవచేయవలసిన అవసరం అందువల్లనే ఏర్పడింది. బూజు వాసన వేసిన చెక్కను ఎండబెట్టినంత మాత్రాన విషం పోదు.

ఆముదం చెక్క పూర్తిగా వేరే కోవకు చెందుతుంది. దేశంలో ఆముదం పంటలో సింహభాగం గుజరాత్‌దే. చెక్క కూడా సమృద్ధిగా లభిస్తుంది. కాని అందులోని రైసిన్ అత్యంత ప్రమాదకరమైన విషం. కర్మాగారంలో విషాన్ని తొలగించే ప్రక్రియ జరపనిదే దానిని ఏ పశువుకూ పెట్టరాదు. అది పొలానికి ఎరువుగా మాత్రమే యోగ్యం.

యూరియా: కొలత తప్పితే విషం

అన్నిటికన్నా చౌకగా నత్రజనిని అందించేది యూరియా. ఇందులో 46 శాతం నత్రజని ఉంటుంది. నత్రజనిని 6.25తో గుణించి మాంసకృత్తులుగా లెక్కించే పద్ధతి ప్రకారం, కిలో యూరియా 2.87 కిలోల మాంసకృత్తులకు సమానం. యూరియాలో నిజానికి మాంసకృత్తులు లేవు. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు దాని నుంచి వెలువడే అమోనియాను గ్రహించి తమ శరీరాలను నిర్మించుకుంటాయి. వాటిని జీర్ణించుకున్న పశువుకు ఆ విధంగా మాంసకృత్తులు లభిస్తాయి.

ఈ పని సక్రమంగా జరగాలంటే అదే సమయంలో సూక్ష్మజీవులకు శక్తి కూడా అందాలి. యూరియాకు మొలాసిస్‌ను జోడించడం అందుకే. హజీరాలో తయారయ్యే సరుకు, బార్డోలీలో మిగిలే సరుకు కలిస్తేనే మేతగా మారుతాయన్నమాట. గుజరాత్‌లోనే, ఆణంద్‌లో ఉన్న జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ 1980లలో యూరియా, మొలాసిస్, ఖనిజ లవణాలు కలిపిన దిమ్మెలను రూపొందించింది. ఇటువంటి దిమ్మెలలో సాధారణంగా మొలాసిస్ 40 నుంచి 45 శాతం, యూరియా 10 నుంచి 15 శాతం ఉంటాయి. దిమ్మె గట్టిగా ఉండటం వల్ల పశువు కొద్దికొద్దిగా నాకగలదు తప్ప కొరికి తినలేదు. అదే దానికి రక్షణ.

యూరియా ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో కడుపులో పడితే అమోనియా రక్తంలోకి చేరుతుంది. కడుపు ఉబ్బడం, వణుకు, నురగ కార్చడం వంటి లక్షణాలతో మేక గంటల వ్యవధిలోనే మరణించవచ్చు. పశువైద్యుడు వచ్చేలోగా వినిగర్‌ను నీటిలో కలిపి తాగించడం ప్రథమ చికిత్స. దాణాలో యూరియా 1 శాతానికి మించకపోవడం క్షేమం. నీళ్లలో కలిపి పెట్టడం, ఆకలితో ఉన్న మేకకు పెట్టడం ఎంతమాత్రం కూడదు. ఆరు నెలల లోపు పిల్లలకు అసలే నిషిద్ధం.

మాంసం కోసం పెంచే పోతుపిల్లలు వేగంగా పెరిగే కాలం సరిగ్గా ఆ తొలి నెలలే. కనుక వాటికి యూరియా వల్ల ఒరిగేది స్వల్పం. ఎండుమేతపై బతికే తల్లి మేకలకే దాని ప్రయోజనం. వరిగడ్డికి 100 కిలోలకు 4 కిలోల చొప్పున యూరియా ద్రావణం చల్లి, 21 రోజులు మూసి ఉంచి వాడే పద్ధతి కూడా పశువులకు నప్పినంతగా మేకలకు నప్పదు. ఆకును ఏరుకుని తినే స్వభావం గల మేక వరిగడ్డిని ఇష్టపడకపోవడమే ఇందుకు కారణం.

చట్టపరమైన చిక్కు కూడా ఉన్నది. రాయితీపై రైతులకు అందే యూరియాను ఎరువుగా కాక ఇతర అవసరాలకు మళ్లించడాన్ని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నిషేధిస్తోంది. 2015 నుంచి దేశంలో ఎరువుగా అమ్మే యూరియాకు వేపపూత తప్పనిసరి చేశారు. కనుక కర్మాగారం పక్క ఊళ్లో ఉన్నా, పొలానికి కొన్న బస్తా నుంచి గుప్పెడు తీసి దాణాలో కలపడం మేకకూ క్షేమం కాదు, చట్టానికీ సమ్మతం కాదు. ప్రామాణికంగా తయారైన దిమ్మెలను కొనడమే మార్గం.

సూరత్ బిడ్డ, సుబాబుల్ చెట్టు

ఆకుమేతల విషయంలో సూరత్ జిల్లాకు చారిత్రక సంబంధం ఉంది. గాంధీజీ అనుయాయి మణిభాయ్ దేశాయ్ 1920లో ఈ జిల్లాలోని కోస్మాడాలో జన్మించారు. 1946లో గాంధీజీ వెంట పుణె సమీపంలోని ఉరుళీకాంచన్ చేరి అక్కడే స్థిరపడ్డారు. 1967లో బైఫ్ సంస్థను స్థాపించారు. 1982లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. 1993లో కన్నుమూశారు. సంకర జాతి ఆవులను పల్లెలకు చేర్చడంతోపాటు, సుబాబుల్ చెట్టును పశుగ్రాసంగా దేశంలో ప్రచారం చేయడంలో బైఫ్ ప్రముఖ పాత్ర వహించింది.

సుబాబుల్ ఆకులో, ఎండు లెక్కన, 20 నుంచి 25 శాతం మాంసకృత్తులు ఉంటాయి. పోలిక చూడవచ్చు. 16 శాతం మాంసకృత్తులున్న దాణా 200 గ్రాములు వేస్తే మేకకు 32 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. అరకిలో పచ్చి సుబాబుల్ ఆకులో ఎండు పదార్థం సుమారు 150 గ్రాములు. అందులో మాంసకృత్తులు సుమారు 33 గ్రాములు. అంటే కంచెమీది రెండు మూడు కొమ్మలు ఒక పూట దాణాకు సమానం. ఖర్చు కోతకూలి మాత్రమే.

అయితే సుబాబుల్‌లోనూ మైమోసిన్ అనే విషం ఉంది. ఆకు ఎక్కువైతే వెంట్రుకలు రాలడం, గొంతు గ్రంథి వాయడం, ఎదుగుదల ఆగిపోవడం జరుగుతుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ ఈ సమస్యపై పరిశోధిస్తూ, హవాయి దీవుల మేకలు అదే ఆకు తిని క్షేమంగా ఉండటాన్ని గమనించారు. ఆ మేకల పెద్దపొట్టలో విషాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా ఉండటమే అందుకు కారణమని తేలింది. 1980ల ఆరంభంలో ఆ పొట్ట ద్రవాన్ని ఆస్ట్రేలియాకు తెచ్చి అక్కడి పశువులకు ఎక్కించగా అవి కూడా సుబాబుల్‌ను తట్టుకోగలిగాయి. 1992లో ఆ బ్యాక్టీరియాకు జోన్స్ పేరు మీదుగానే సినర్జిస్టెస్ జోన్సీ అని నామకరణం చేశారు. సామాన్య రైతుకు మాత్రం మేతలో మూడోవంతుకు మించకుండా చూసుకోవడమే సులభమైన జాగ్రత్త.

తెలుగు ప్రాంతాలలో ఈ చెట్టు సుపరిచితం. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలలో రైతులు పేపరు మిల్లుల కోసం సుబాబుల్ వేశారు. కలప ధర విషయంలో ఒడిదుడుకులు ఎదురైన ఆ రైతులకు, కలప నరికిన చోట వృథాగా పోయే ఆకు మరో ఆదాయమార్గం కాగలదు. అవిశ, మునగ, గ్లైరిసిడియా ఆకులలో కూడా మాంసకృత్తులు సుమారు ఇదే స్థాయిలో ఉంటాయి. దశరథ గడ్డి, లూసర్న్ వంటి పప్పుజాతి పశుగ్రాసాలు నీటి వసతి ఉన్నచోట నమ్మకమైనవి. గ్లైరిసిడియా ఆకును మేకలు మొదట వాసన చూసి వదిలేస్తాయి. వాడిపోయిన ఆకును కొద్దికొద్దిగా అలవాటు చేస్తే తింటాయి.

అజొల్లాపై ప్రచారం ఎక్కువ. నీటితొట్లలో పెరిగే ఈ మొక్కలో ఎండు లెక్కన 20 నుంచి 25 శాతం మాంసకృత్తులు ఉన్నమాట వాస్తవమే. కాని పచ్చి అజొల్లాలో 90 శాతానికి పైగా నీరే. కిలో పచ్చి అజొల్లాలో మేకకు దక్కే మాంసకృత్తులు 12 నుంచి 15 గ్రాములు మాత్రమే. పైన చెప్పిన అరకిలో సుబాబుల్ ఆకుకు సమానం కావాలంటే రెండు కిలోలకు పైగా అజొల్లా కావాలి. పెరటిలో నీరు, నీడ ఉండి, నాలుగైదు మేకలు ఉన్న ఇంటికి అది అదనపు ఆసరా కాగలదు గాని, పెద్ద మందకు ఆధారం కాజాలదు.

సర్కారు తుమ్మ కాయలు

గుజరాత్‌లో గాండో బావళ్ అని, తెలుగునాట సర్కారు తుమ్మ అని పిలిచే ముళ్ల చెట్టు కచ్ఛ్ ఎడారి ప్రాంతంలోని బన్నీ పచ్చిక బయళ్లను ఆక్రమించింది. మన మెట్టప్రాంతాలలోనూ ఇదే పరిస్థితి. మేకలు దీని ఆకు ముట్టవు. తీయని కాయలను మాత్రం ఇష్టంగా తింటాయి. కాయలో మాంసకృత్తులు 11 నుంచి 13 శాతం. గింజల్లో మరింత ఎక్కువ. అయితే గింజ గట్టిది కావడంతో జీర్ణం కాకుండా పేడలో బయటపడి మొలకెత్తుతుంది. మేత పేరుతో చెట్టును మరింత వ్యాపింపజేసినట్లవుతుంది. కాయలను ఎండబెట్టి పొడి చేసి దాణాలో కలిపితే ఈ రెండు నష్టాలూ తప్పుతాయి. నెలల తరబడి కేవలం కాయలే మేసిన పశువులలో దవడ కండరాల నరాలు దెబ్బతిన్నట్లు బ్రెజిల్‌లో గుర్తించారు. కాబట్టి వీటిని దాణాలో ఒక భాగంగానే వాడాలి.

ఇథనాల్ తెచ్చిన మార్పు

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని కేంద్ర ప్రభుత్వం 2030 నుంచి 2025కు ముందుకు జరపడంతో దాణా మార్కెట్ స్వరూపం మారింది. ఒకవైపు చెక్కర కర్మాగారాల మొలాసిస్‌కు గిరాకీ పెరిగి, పశువులకు అందడం కష్టమైంది. మరోవైపు బియ్యం, మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీసే కర్మాగారాలు పెరగడంతో, పిండిపదార్థం పోగా మిగిలిన ఎండు పిప్పి భారీగా మార్కెట్‌కు వస్తోంది. వ్యాపారులు దీనిని డీడీజీఎస్ అని వ్యవహరిస్తారు. మొక్కజొన్న పిప్పిలో మాంసకృత్తులు 27 నుంచి 30 శాతం, బియ్యం పిప్పిలో 45 శాతం వరకు ఉంటాయి. దీని రాకతో సోయా చెక్కకు గిరాకీ తగ్గిందని నూనె పరిశ్రమ వర్గాలు ఆందోళన వ్యక్తం చేయడం గమనార్హం.

ధాన్యంలో ఉన్న విషం ఇథనాల్‌తో పోదు. పిండిపదార్థం తొలగిపోయేసరికి మిగిలిన పిప్పిలో అది దాదాపు మూడింతలుగా చిక్కబడుతుంది. పాడైన ధాన్యం వాడిన చోట అఫ్లటాక్సిన్ సమస్య తలెత్తేది ఇందుకే. తయారీదారును బట్టి, సరుకును బట్టి నాణ్యత మారిపోతుంది. పరీక్ష నివేదిక అడిగి తీసుకోగల పెద్ద కొనుగోలుదారుకు ఇది లాభసాటి. విడిగా కిలోల లెక్కన కొనే చిన్న రైతుకు ఆ వెసులుబాటు ఉండదు. రైతులు సంఘంగా కలిసి కొనుగోలు చేయడం తప్ప దీనికి మరో పరిష్కారం కనిపించదు.

ముట్టరానివి

మాంసకృత్తులు అధికంగా ఉన్నంత మాత్రాన ప్రతిదీ మేకకు మేత కాదు. బ్రిటన్‌లో 1986లో గుర్తించిన పిచ్చి ఆవు వ్యాధి, పశువుల మాంసం, ఎముకల పొడిని తిరిగి పశువులకే మేపడం వల్ల వ్యాపించింది. 1988లో ఆ దేశం నెమరువేసే పశువులకు అటువంటి మేతను నిషేధించింది. భారత్‌లో కూడా పాలు, మాంసం ఇచ్చే నెమరు జంతువులకు పశువుల మాంసం, ఎముకలు, రక్తంతో చేసిన మేత పెట్టరాదని ఆహార భద్రతా నిబంధనలు నిర్దేశిస్తున్నాయి.

పురుగుల పొడిని దాణాగా వాడటం ప్రపంచవ్యాప్తంగా చర్చనీయాంశమైంది. ఐరోపా సమాఖ్య 2017లో చేపలకు, 2021లో కోళ్లకు, పందులకు దీనిని అనుమతించింది. నెమరువేసే జంతువులకు మాత్రం అనుమతి ఇవ్వలేదు. ఆకుతో సరిపెట్టుకోగల జంతువుకు పురుగుల పొడి అవసరం కూడా అంతగా లేదు.

మంచి దాణా అయినా మోతాదు మించితే హాని తప్పదు. పచ్చికపై ఉన్న మందకు ఒక్కసారిగా గింజలు, చెక్కలు ఎక్కువగా వేస్తే చిటుకు రోగం విరుచుకుపడుతుంది. తౌడు, గింజలు ఎక్కువై సున్నం తక్కువైతే పోతులకు మూత్రనాళంలో రాళ్లు ఏర్పడతాయి. ఏ కొత్త మేతనైనా పది, పదిహేను రోజులపాటు క్రమంగా పెంచుతూ అలవాటు చేయాలి.

లాభం ఎవరికి?

దాణా వల్ల లాభం ఉందా లేదా అన్నది సంతలో తేలుతుంది. రోజుకు 200 గ్రాముల చొప్పున 100 రోజులు మేపితే ఒక్కో పోతుకు 20 కిలోల దాణా పడుతుంది. రోజుకు అదనంగా 30 గ్రాముల బరువు పెరిగితే మొత్తం 3 కిలోలు. దాణా కిలో 30 రూపాయలు, సజీవ బరువు కిలో 350 రూపాయలు అనుకుంటే, ఖర్చు 600 రూపాయలు, రాబడి 1,050 రూపాయలు. అదే దాణాలో సగం ఆకుతో భర్తీ చేస్తే ఖర్చు 300 రూపాయలకు దిగుతుంది. కాని ఇదంతా తూకం వేసి అమ్మినప్పటి లెక్క. సంతల్లో అత్యధిక బేరాలు కంటిచూపుతోనే సాగుతాయి. పెరిగిన మూడు కిలోలను దళారి లెక్కలోకి తీసుకోకపోతే, దాణాకు పెట్టిన డబ్బు రైతుకు తిరిగి రాదు. పండుగలకు ముందు తూకంపై అమ్మకానికి పట్టుబట్టగలిగిన రైతుకే మంచి మేత ఫలితం దక్కుతుంది.

ప్రభుత్వ సాయం కూడా పెద్ద మందలవైపే మొగ్గుతోంది. 2021-22లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ కింద మేకల, గొర్రెల పెంపక కేంద్రాలకు పెట్టుబడిలో 50 శాతం రాయితీ, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల వరకు లభిస్తుంది. అందులో అతి చిన్న యూనిట్ 100 ఆడ మేకలు, 5 పోతులు. పది మేకలతో బతుకు వెళ్లదీసే భూమిలేని కుటుంబం ఈ పరిధిలోకి రాదు. అటువంటి కుటుంబానికి కంచెమీది చెట్టు, ఊరి బయలు మాత్రమే దిక్కు.

ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి గ్రామసభలకు అప్పగించేందుకు పథకాలు రూపొందించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ భూములలో కొంత భాగంలో సుబాబుల్, అవిశ, మునగ వంటి ఆకుచెట్లు పెంచి, కోసుకునే హక్కు భూమిలేని పెంపకందారులకు కల్పిస్తే, వారి దాణా ఖర్చులో అధిక భాగం తగ్గించవచ్చు. చెట్టు మేతకు రావడానికి ఒకటి రెండేళ్లు పడుతుంది. ఈ వానాకాలంలో నాటిన మొక్క ఎల్లుండి వేసవికి గాని అక్కరకు రాదు. అంతవరకు చెక్కనూ, ఆకునూ, పొట్టునూ కొలత తప్పకుండా కలిపి వాడుకోవడమే సూరత్‌లోనైనా, సిద్దిపేటలోనైనా చిన్న పెంపకందారుకు మిగిలిన మార్గం.